లోపం, దోషం, వైఫల్యం: ఆగని సర్వర్ల పరిభాషా చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక భాగం చెడిపోయినా సేవ ఆగకుండా పనిచేసే కంప్యూటర్లను 'ఫాల్ట్ టాలరెంట్' యంత్రాలు అంటారు. ఈ యంత్రాల పరిభాష 19వ శతాబ్దపు తొలి సూచనల నుండి నేటి వరకు ఎలా రూపొందిందో ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. ఫాల్ట్, ఎర్రర్, ఫెయిల్యూర్ అనే మూడు పదాల అర్థాలను 1980లలో స్పష్టంగా వేరుచేయడం ఈ చరిత్రలో కీలక ఘట్టం. దీనివల్ల 'ఏది చెడింది?' అనే ప్రశ్న స్థానంలో 'చెడినప్పుడు సేవ ఎందుకు ఆగింది?' అనే ప్రశ్న ముందుకు వచ్చింది. తెలుగు వాడుకలోని 'సాంకేతిక లోపం', 'సర్వర్ మొరాయింపు' అనే మాటలు ఈ రెండవ ప్రశ్నకు తావివ్వడం లేదని చూపుతూ, తెలుగులో ఇప్పటికే ఉన్న అర్థభేదాల ఆధారంగా ఒక పదవిభజనను ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లోప సహనం, సర్వర్, సాంకేతిక పరిభాష, వ్యవస్థా నిర్వహణ, లోపం, దోషం, వైఫల్యం, లభ్యత.

1. ఉపోద్ఘాతం

మీసేవ కేంద్రంలోనో, చౌకధరల దుకాణంలోనో, బ్యాంకు కౌంటరు దగ్గరో నిలబడిన తెలుగువారికి 'సర్వర్ డౌన్' అనే మాట కొత్తది కాదు. మరునాటి పత్రికలో అదే సంగతి 'మొరాయించిన సర్వర్లు' అనే శీర్షికతో వస్తుంది. సంబంధిత శాఖ 'సాంకేతిక లోపం వల్ల సేవలకు అంతరాయం కలిగింది' అని ప్రకటిస్తుంది. ఈ మూడు మాటల్లో దేనివల్లనూ అసలు జరిగిందేమిటో తెలియదు. డిస్కు చెడిందా, లింకు తెగిందా, ప్రోగ్రాములో పొరపాటు ఉందా, రెండవ యంత్రాన్ని సకాలంలో రంగంలోకి దింపలేదా అన్న భేదాలన్నీ ఒక్క మాటలో కలిసిపోతాయి.

ఇంజినీర్లకూ ఒకప్పుడు ఇదే ఇబ్బంది ఉండేది. వారు సుమారు అర్ధశతాబ్దం పాటు యంత్రాలతోపాటు పదాలనూ సరిదిద్దుకుంటూ వచ్చారు. తెలుగులో సాంకేతిక పరిభాషపై జరిగిన చర్చ ఎక్కువగా అనువాద పద్ధతుల చుట్టూ, అంటే సంస్కృత సమాసమా, దేశ్యపదమా, ఆదానమా అనే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఒక శాస్త్రశాఖ తన పదాల మధ్య హద్దులను ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ గీసుకుందనే చారిత్రక ప్రశ్న దీనికి ముందుది. ఆ ప్రశ్నను లోప సహన యంత్రాల విషయంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పూర్వరంగం: ఎర్రర్ అనే ఒక్క మాట

యంత్ర గణనలో తప్పును పట్టుకోవడానికి ఒకే లెక్కను వేర్వేరుగా చేయించి పోల్చాలన్న ఆలోచన ఎలక్ట్రానిక్ యంత్రాల కంటే చాలా పాతది. చార్లెస్ బాబేజ్ గణన యంత్రాన్ని గురించి డయొనీషియస్ లార్డ్‌నర్ 1834లో 'ఎడింబరో రివ్యూ'లో రాసిన వ్యాసంలో ఈ సూచన కనిపిస్తుంది. ఒకే గణనను పరస్పర సంబంధం లేని వేర్వేరు 'కంప్యూటర్ల' చేత చేయించాలనీ, వారు వేర్వేరు పద్ధతులను అనుసరిస్తే తనిఖీ మరింత గట్టిగా ఉంటుందనీ ఆయన అభిప్రాయం. అప్పట్లో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే మనిషి. మనుషుల విషయంలో చెప్పిన ఆ సూత్రమే తరువాతి కాలంలో యంత్రాలకు అన్వయించింది.

రిలేలతో, వాక్యూమ్ ట్యూబులతో నిర్మించిన తొలి కంప్యూటర్లలో భాగాలు తరచుగా చెడేవి. బెల్ లేబొరేటరీస్‌లో వారాంతాల్లో మనుషులు లేకుండా నడిచే రిలే యంత్రం తప్పును గుర్తించగానే ఆ పనిని వదిలేసి తరువాతి పనికి వెళ్లిపోయేది. తప్పును గుర్తించగలిగిన యంత్రం దాన్ని ఎందుకు దిద్దుకోలేదన్న రిచర్డ్ హామింగ్ ప్రశ్న నుండి 1950లో ప్రచురితమైన దోష సవరణ సంకేతాలు పుట్టాయి. ఈ దశలో ప్రధానమైన మాట 'ఎర్రర్' ఒక్కటే. గుర్తించడం, సవరించడం అనే రెండు క్రియలు దానికి జోడయ్యాయి.

జాన్ వాన్ నాయ్‌మన్ 1952 జనవరిలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేసిన ఉపన్యాసాలు 1956లో అచ్చయ్యాయి. నమ్మదగని భాగాలతో నమ్మదగిన వ్యవస్థను నిర్మించడం వాటి విషయం. తప్పును బయటి నుండి వచ్చిపడే ఆపదగా చూడక, ప్రక్రియలో అంతర్భాగంగా భావించి గణితంలో చోటివ్వాలని ఆయన ప్రతిపాదించారు. ఆయన వాడిన పదాలు జీవశాస్త్రానికి చెందినవి: భాగం 'అవయవం', వ్యవస్థ 'జీవి'. మూడు మార్గాల్లో వచ్చిన ఫలితాల నుండి అధిక సంఖ్యాక నిర్ణయాన్ని తీసుకునే అమరిక పేరు 'మెజారిటీ ఆర్గన్'.

అదే కాలంలో ప్రాగ్ నగరంలో ఆంటొనీన్ స్వొబొదా బృందం 'సాపో' అనే యంత్రాన్ని నిర్మించింది. 1957లో పని మొదలుపెట్టిన ఈ యంత్రంలో మూడు అంకగణిత విభాగాలు ఒకే లెక్కను చేసి, ఫలితంపై ఓటు వేసేవి. 1960లో అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మూడు విభాగాలున్నా అన్నీ ఒకే గదిలో ఉన్నప్పుడు నిప్పు ముందు అవి ఒక్కటే. తరువాతి పరిభాషలో 'ఉమ్మడి కారణ వైఫల్యం' అనిపించుకున్న భావనకు ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

3. 'ఫాల్ట్ టాలరెన్స్' పదబంధం స్థిరపడిన తీరు

1960లలో రెండు రంగాలు ఈ విద్యను ముందుకు నడిపాయి. మొదటిది టెలిఫోన్. 1965లో న్యూజెర్సీలోని సుకసున్నాలో బెల్ సంస్థ తన మొదటి నంబరు ఎలక్ట్రానిక్ స్విచింగ్ వ్యవస్థను ప్రారంభించింది. 40 సంవత్సరాల్లో మొత్తం రెండు గంటలకు మించి ఆగకూడదన్నది దాని లక్ష్యం. అంటే సంవత్సరానికి మూడు నిమిషాలు. ఇందుకోసం రెండు నియంత్రణ యంత్రాలు ఒకే పనిని చేస్తూ ఫలితాలను పోల్చుకునేవి. తేడా వస్తే చెడినదేదో పరీక్షించి పక్కన పెట్టేవి. చెడిన భాగాన్ని త్వరగా కనిపెట్టడానికి ఇంజినీర్లు ముందుగానే వేలాది లోపాలను కావాలని ప్రవేశపెట్టి, ఒక్కొక్క లోపానికి యంత్రం చూపే లక్షణాలను నమోదు చేసి, వాటిని క్రమంలో పేర్చి అచ్చు వేశారు. ఆ పుస్తకాన్ని వారు 'నిఘంటువు' అనే పిలిచారు. ఎక్స్ఛేంజి సిబ్బంది లక్షణాన్ని బట్టి అందులో వెతికి, మార్చవలసిన కార్డును గుర్తించేవారు. ఈ రంగంలో లోపాలకు పద్ధతి ప్రకారం పేర్లు పెట్టే ప్రయత్నం మరమ్మతు అవసరం నుండే మొదలైందని దీనివల్ల గ్రహించవచ్చు.

రెండవది అంతరిక్షం. శాటర్న్ 5 రాకెట్ కంప్యూటరులో తర్కవలయాలను మూడేసి ప్రతులుగా అమర్చి, ఓటు పద్ధతిని వాడారు. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో లిథువేనియాలో జన్మించిన ఆల్గిర్దాస్ అవిజియెనిస్ 1961 నుండి 'స్టార్' అనే కంప్యూటరుపై పనిచేశారు. 'తనను తాను పరీక్షించుకుని బాగుచేసుకునేది' అని దాని పూర్తి పేరుకు అర్థం. మనిషి చేయి అందని చోట సంవత్సరాల తరబడి సాగే యాత్రల కోసం రూపొందించిన ఈ యంత్రంలో విడి భాగాలు విద్యుత్తు లేకుండా వేచి ఉంటాయి. పనిచేస్తున్న భాగం చెడితే ఒక ప్రత్యేక విభాగం దాన్ని ఆపి, విడి భాగానికి విద్యుత్తు ఇస్తుంది. ఈ యంత్రం అంతరిక్షంలోకి వెళ్లలేదు. అయితే దీని రూపకల్పన నుండి వచ్చిన 1967 నాటి పత్రంలో అవిజియెనిస్ 'ఫాల్ట్ టాలరెంట్' కంప్యూటరు అనే భావనను నిర్వచించారు. లోపాలు ఉన్నప్పటికీ ప్రోగ్రాములను సరిగా నడపగలగడం ఆ నిర్వచనంలోని ప్రధానాంశం. 1971లో ఇదే పేరుతో అంతర్జాతీయ సదస్సు పసడీనాలో మొదలైంది.

ఈ పదబంధంలోని మార్పును గమనించాలి. అంతకు ముందరి ఆదర్శం లోపరహిత యంత్రం. మేలైన భాగాలను ఎంచుకుంటే, జాగ్రత్తగా అతికితే, లోపం రాదన్నది దాని వెనుక ఉన్న నమ్మకం. 'సహనం' అనే మాట లోపం వచ్చి తీరుతుందని ముందే ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న తరువాత, రాబోయే లోపాన్ని ఎదుర్కొనే ఏర్పాటు చేయడం నిర్మాత బాధ్యత అవుతుంది.

4. వాణిజ్య సర్వర్లు: పేర్లలోని సిద్ధాంతాలు

ఈ భావనలను సాధారణ వ్యాపార సంస్థల వరకు తెచ్చిన ఘనత ప్రధానంగా రెండు అమెరికన్ సంస్థలది. జిమ్ ట్రేబిగ్ తదితరులు 1974లో టాండెం కంప్యూటర్స్‌ను స్థాపించారు. వారి తొలి యంత్రం 1976లో సిటీబ్యాంకుకు చేరింది. టాండెం అంటే ఇద్దరు ఒకరి వెనుక ఒకరు కూర్చుని తొక్కే జోడు సైకిలు. యంత్రానికి పెట్టిన పేరు 'నాన్‌స్టాప్', నిర్వహణ వ్యవస్థ పేరు 'గార్డియన్'. నాన్‌స్టాప్ అనే మాట తెలుగువారికి బస్సు బోర్డుల ద్వారా పరిచితమే. ఇక్కడ అది సేవకు సంబంధించిన వాగ్దానం.

టాండెం పద్ధతిలో ప్రతి ముఖ్యమైన పనికీ రెండు ప్రక్రియలు వేర్వేరు ప్రాసెసర్లపై ఉంటాయి. మొదటిది పని చేస్తూ, తన స్థితిని ఎప్పటికప్పుడు రెండవదానికి తెలియజేస్తుంది. ఈ తెలియజేతకు 'చెక్ పాయింట్' అని పేరు. ప్రతి ప్రాసెసరూ సెకనుకొకసారి 'బతికే ఉన్నాను' అనే అర్థం గల సందేశాన్ని మిగిలినవాటికి పంపుతుంది. ఆ సందేశం రాకపోతే మిగిలినవి దాన్ని పోయినదిగా లెక్కించి, దాని పనులను తమ మీద వేసుకుంటాయి. ఇటువంటి సందేశానికి తరువాత 'హార్ట్‌బీట్', అంటే గుండె చప్పుడు, అనే పేరు వ్యాపించింది. వాన్ నాయ్‌మన్ వాడిన జీవశాస్త్ర ఉపమానం ఈ విధంగా కొనసాగింది.

1980లో ఏర్పడిన స్ట్రాటస్ సంస్థ వేరొక మార్గాన్ని ఎంచుకుంది. ఒకే బోర్డుపై రెండు ప్రాసెసర్లు ప్రతి ఆదేశాన్నీ ఒకేసారి అమలుచేస్తాయి. ఫలితాల్లో తేడా వస్తే ఆ బోర్డు తనంతట తానే తప్పుకుంటుంది. అటువంటిదే రెండవ బోర్డు అప్పటికే అదే పని చేస్తూ ఉంటుంది కనుక పనికి అంతరాయం ఉండదు. ఈ అమరికకు 'పెయిర్ అండ్ స్పేర్' అనీ, ఇలా కలిసి నడవడానికి 'లాక్‌స్టెప్' అనీ పేర్లు. రెండవది కవాతులో అడుగులో అడుగు వేసి నడవడాన్ని సూచించే మాట. తప్పుకున్న బోర్డు సమాచారం టెలిఫోన్ లైను ద్వారా సంస్థకు చేరేది. కొత్త బోర్డు పార్సిలు వచ్చిన తరువాతనే పాతది చెడిందని వినియోగదారుకు తెలిసిన సందర్భాలు కూడా ఉండేవి.

రెండు సంస్థల పదజాలాల్లోని తేడా సిద్ధాంతపరమైనది. టాండెం మాటలు 'బాధ్యతను అప్పగించడం' చుట్టూ, స్ట్రాటస్ మాటలు 'కలిసి నడవడం' చుట్టూ ఏర్పడ్డాయి. మొదటి పద్ధతిలో లోపం సంభవించిన క్షణాన ఒక మార్పిడి జరుగుతుంది. రెండవదానిలో మార్పిడి అనేదే కనిపించదు. ఈ రెండు సంప్రదాయాలూ భారతదేశానికి వచ్చాయి. 1994లో ప్రారంభమైన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి తన వ్యాపార వ్యవస్థను స్ట్రాటస్ యంత్రాలపైన, 1995లో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి తన 'బోల్ట్' వ్యవస్థను టాండెం యంత్రాలపైన నడిపాయి. తెలుగునాట సామాన్య ప్రజలకు ఎప్పుడూ అందుబాటులో ఉండవలసిన కంప్యూటరు సేవ తొలిరోజుల్లో పరిచయమైన ముఖ్య మార్గాల్లో రైల్వే రిజర్వేషన్ ఒకటి. దేశవ్యాప్త రిజర్వేషన్ కోసం రైల్వే సమాచార కేంద్రం రూపొందించిన 'కాన్సర్ట్' ప్రోగ్రామును మొదట 1994లో సికింద్రాబాదులోనే అమలులో పెట్టారు.

5. మూడు పదాల విభజన

1970ల చివరికి రంగం విస్తరించింది గానీ పదాలు చిక్కుపడ్డాయి. ఒకరు ఫాల్ట్ అన్నదాన్ని మరొకరు ఎర్రర్ అనీ, ఇంకొకరు ఫెయిల్యూర్ అనీ రాసేవారు. హార్డ్‌వేర్ వారి ఫాల్ట్, సాఫ్ట్‌వేర్ వారి బగ్ ఒకే కోవలోకి వస్తాయా అనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1980లో అంతర్జాతీయ సమాచార సంవిధాన సమాఖ్య ఈ విషయంపై 10.4 అనే కార్యవర్గాన్ని నెలకొల్పింది. తూలూజ్‌కు చెందిన ఫ్రెంచి పరిశోధకుడు జాన్-క్లోద్ లాప్రీ 1985లో భావనలనూ పదాలనూ క్రమబద్ధం చేస్తూ ఒక పత్రాన్ని సమర్పించారు.

లాప్రీ విభజన సారాంశం ఇది. వ్యవస్థ అందించే సేవ ఉండవలసిన తీరు నుండి తప్పుకుంటే అది ఫెయిల్యూర్. ఆ తప్పుకోవడానికి దారితీసే అంతర్గత స్థితి ఎర్రర్. ఆ స్థితికి కారణమని నిర్ణయించినది ఫాల్ట్. ఒక ఉదాహరణ చూద్దాం. జ్ఞాపకశక్తి చిప్పులో ఒక బిట్ ఎప్పుడూ 1 దగ్గరే బిగుసుకుపోయింది. ఇది ఫాల్ట్. అక్కడ 0 ఉండవలసిన ఒక ఖాతా నిల్వను రాసినప్పుడు అంకె మారిపోయింది. ఇది ఎర్రర్. ఆ తప్పు నిల్వ ఖాతాదారు చేతికి రశీదుగా అందింది. ఇది ఫెయిల్యూర్. బిట్ బిగుసుకుపోయినా అక్కడ ఎవరూ ఏమీ రాయకపోతే మొదటిది రెండవదిగా మారదు. హామింగ్ సంకేతం అంకెను దిద్దితే రెండవది మూడవదిగా మారదు. లోప సహనం అంటే ఈ గొలుసును మధ్యలో తెంచడం.

ఈ విభజనలో మరొక మెలిక ఉంది. గొలుసు ఒక స్థాయిలో ముగిసిన చోట పై స్థాయిలో మొదలవుతుంది. డిస్కు దృష్టిలో ఫెయిల్యూర్ అయినది సర్వర్ దృష్టిలో ఫాల్ట్ మాత్రమే. సర్వర్ ఫెయిల్యూర్ డేటా సెంటరు దృష్టిలో మరొక ఫాల్ట్. కనుక 'డిస్కు చెడింది కాబట్టి సేవ ఆగింది' అనే వాక్యం వివరణగా చాలదు. డిస్కు చెడడం ఊహించినదే. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రతిపాదించిన 'రెయిడ్' పద్ధతి ఆ ఊహపైనే నిలబడింది. డిస్కు చెడినా సేవ ఎందుకు ఆగిందన్నదే చెప్పవలసిన సంగతి.

లాప్రీ కృషి 1992లో ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, జపనీస్ అనే ఐదు భాషల్లో ఒకే గ్రంథంగా వెలువడింది. ఐదు భాషల్లోనూ పదాల మధ్య హద్దులు ఒకే చోట ఉండేలా చూడడం దాని ప్రత్యేకత. 2004లో అవిజియెనిస్, లాప్రీ, బ్రయాన్ రాండెల్, కార్ల్ ల్యాండ్‌వెర్ కలిసి దాన్ని భద్రతా రంగానికి కూడా విస్తరించారు.

పేర్ల ఎంపికలో సామాజిక స్పృహ కూడా ఈ రంగంలో తొందరగానే కనిపించింది. చెడిన యంత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్క అబద్ధం చెప్పే పరిస్థితిని లెస్లీ లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ 1982లో 'బైజాంటైన్ సేనాపతుల సమస్య'గా వివరించారు. లాంపోర్ట్ మొదట అనుకున్నది అల్బేనియన్ సేనాపతులను. అల్బేనియన్లు వారి దేశం వెలుపల కూడా ఉంటారన్న సహోద్యోగి సూచనతో, నొచ్చుకునేవారెవరూ మిగలని పాత సామ్రాజ్యం పేరును ఎంచుకున్నారు. 'మాస్టర్', 'స్లేవ్' అనే జంటపదాల విషయంలో ఈ ఆలోచన ఆలస్యంగా వచ్చింది. 2003లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆ మాటలను పరికరాలపై వాడవద్దని సరఫరాదారులను కోరింది. 2020 తరువాత అనేక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు వాటిని వదిలేశాయి. తెలుగులో ఆ జంటను 'యజమాని–బానిస' అని అనువదించవలసిన అగత్యం ఇప్పుడు లేదు.

6. నిర్వహణ పరిభాష: యంత్రం నుండి మనిషి వైపు

టాండెం సంస్థలో పనిచేసిన జిమ్ గ్రే 1985లో 'కంప్యూటర్లు ఎందుకు ఆగుతాయి' అనే ప్రశ్నతో ఒక సాంకేతిక నివేదిక రాశారు. 2,000కు పైగా వ్యవస్థల నుండి ఏడు నెలల్లో వచ్చిన వైఫల్య నివేదికలు దానికి ఆధారం. కొత్త యంత్రాల తొలినాటి ఇబ్బందులను మినహాయిస్తే, 42 శాతం వైఫల్యాలు నిర్వహణకు, అంటే ఆపరేటర్ల చర్యలకు, అమరికలకు, మరమ్మతులకు సంబంధించినవి. సాఫ్ట్‌వేర్ వాటా 25 శాతం, హార్డ్‌వేర్ వాటా 18 శాతం, విద్యుత్తు వంటి పరిసరాల వాటా 14 శాతం. హార్డ్‌వేర్ లోపాలను సహించడం నేర్చుకున్న యంత్రాలను నిలిపివేస్తున్నవి ఎక్కువగా మనుషుల పనులు, ప్రోగ్రాములు. మళ్లీ ప్రయత్నిస్తే మాయమయ్యే సాఫ్ట్‌వేర్ తప్పును 'హైజెన్‌బగ్' అనీ, ప్రతిసారీ కనిపించేదాన్ని 'బోర్‌బగ్' అనీ ఆ నివేదిక వేరుచేసింది.

దీనితో నిర్వహణ కూడా పరిభాష గల రంగమైంది. 1988లో వచ్చిన ఎస్ఎన్ఎంపీ ప్రమాణం నిర్వహించే ప్రోగ్రామును 'మేనేజర్' అనీ, యంత్రంలో ఉండి సమాచారం చెప్పేదాన్ని 'ఏజెంట్' అనీ పిలిచింది. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ సంస్థలు తెచ్చిన ఐపీఎంఐ ప్రమాణం సర్వర్ బోర్డుపై ఒక చిన్న ప్రత్యేక కంప్యూటరుకు చోటిచ్చింది. ప్రధాన యంత్రం ఆగినా ఇది మెలకువగా ఉండి, ఉష్ణోగ్రత, ఫ్యాన్ల వేగం, విద్యుత్తు వివరాలు తెలుపుతుంది. దూరం నుండి యంత్రాన్ని తిరిగి ప్రారంభించే వీలు కూడా కల్పిస్తుంది. నిర్ణీత వ్యవధిలో పలకరింపు రాకపోతే యంత్రాన్ని మళ్లీ ప్రారంభించే గడియారానికి 'వాచ్‌డాగ్', అంటే కావలికుక్క, అని పేరు. రెండు సర్వర్ల మధ్య లింకు తెగి, అవతలిది పోయిందని రెండూ భావించి ఒకే సమాచారంపై పెత్తనం చేయబోతే అది 'స్ప్లిట్ బ్రెయిన్'. దాన్ని నివారించడానికి ఒక యంత్రాన్ని సమాచారం నుండి వేరుచేయడం 'ఫెన్సింగ్', మన మాటలో కంచె వేయడం.

నిర్వహణ పదాల్లో కొన్ని ప్రకటనలు కూడా. 'డిజాస్టర్' అటువంటిదే. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ట్రేడింగ్ ఉదయం 11.40 ప్రాంతంలో నిలిచి, మధ్యాహ్నం 3.45కు గానీ మళ్లీ మొదలుకాలేదు. టెలికం లింకుల్లో సమస్య తలెత్తిందని ఎక్స్ఛేంజి తెలిపింది. ప్రత్యామ్నాయ కేంద్రం ఉన్నా అక్కడికి ఎందుకు మారలేదన్నది తరువాత తలెత్తిన ప్రధాన ప్రశ్న. ఆ మార్చిలో సెబీ జారీచేసిన సర్క్యులర్, కీలక వ్యవస్థకు అంతరాయం కలిగితే 30 నిమిషాల్లోగా దాన్ని 'డిజాస్టర్'గా ప్రకటించాలనీ, 45 నిమిషాల్లోగా కార్యకలాపాలను పునరుద్ధరించాలనీ గడువులు విధించింది. విపత్తు అనే మాటను ఎవరు, ఎప్పుడు ఉచ్చరించాలో నియమం చెప్పవలసి వచ్చింది. ఆ మాట పలకనంత సేపూ రెండవ కేంద్రంలోని యంత్రాలు ఎంత సిద్ధంగా ఉన్నా వాటి వల్ల ప్రయోజనం లేదు.

7. తెలుగు వాడుక – పదవిభజన ప్రతిపాదన

పై చరిత్ర వెలుగులో తెలుగు వాడుకను చూస్తే రెండు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది 'మొరాయింపు'. ఇది పశువులకు వర్తించిన క్రియ. కదలనని మొండికేసిన గుర్రం మొరాయిస్తుంది. ఈ మాట సజీవమైనదే గానీ తప్పంతా యంత్రపు మొండితనం మీదికి నెడుతుంది. రెండవది 'సాంకేతిక లోపం'. ఇది కారణాన్నీ ఫలితాన్నీ ఒకటి చేస్తుంది. లోపం ఉన్నది కాబట్టి సేవ ఆగడం సహజమనే భావన కలిగిస్తుంది. లోప సహన శాస్త్రం ప్రశ్నించినది సరిగ్గా ఈ సహజత్వాన్నే.

అయితే అవసరమైన అర్థభేదాలు తెలుగులో లేవని కాదు. ఇతర రంగాల్లో అవి స్థిరంగా ఉన్నాయి. 'పోషకాహార లోపం', 'తయారీ లోపం' అన్నప్పుడు లోపం లోపలే ఉండి, ఇంకా బయటపడని కారణం. 'అచ్చుదోషం', 'లెక్కలో దోషం' అన్నప్పుడు దోషం ఒక చోట నమోదైన తప్పు స్థితి. 'మూత్రపిండాల వైఫల్యం' అన్నప్పుడు వైఫల్యం అవయవం తన పనిని చేయలేకపోవడం. కనుక ఫాల్ట్‌కు లోపం, ఎర్రర్‌కు దోషం, ఫెయిల్యూర్‌కు వైఫల్యం అనే నియతి తెలుగు వాడుకకు విరుద్ధం కాదు. ఆ ప్రకారం ఫాల్ట్ టాలరెన్స్ 'లోప సహనం' అవుతుంది. 'దోష సహనం' అంటే తప్పు అంకెను ఓర్చుకోవడమనే విపరీతార్థం వచ్చే ప్రమాదం ఉంది.

'రిడండెన్సీ'ని పునరుక్తి అనడానికి అలంకారశాస్త్రం అడ్డువస్తుంది. అక్కడ పునరుక్తి కావ్యదోషం. కానీ మన సంప్రదాయంలోనే పునరుక్తికి రక్షకస్థానం కూడా ఉంది. వేదపాఠంలో క్రమ, జట, ఘన పద్ధతులు పదాలను ముందుకూ వెనక్కూ మళ్లీమళ్లీ పలికించి, ఒక్క అక్షరం జారినా బయటపడేలా చేస్తాయి. అయినా సర్వర్ల విషయంలో 'అదనపు ప్రతి' అనే మాటే తేలికగా బోధపడుతుంది. విద్యుత్తు లేకుండా పక్కన ఉంచిన విడి భాగాన్ని వాహనదారులందరికీ తెలిసిన 'స్టెప్నీ'తో పోల్చి చెప్పవచ్చు.

'ఫెయిలోవర్' విషయంలో వ్యాకరణం ఒక మంచి పోలికనిస్తుంది. ఒక వర్ణం స్థానంలో మరొకటి రావడం ఆదేశం. వచ్చినది తొలగినదాని ధర్మాలను పొందడం స్థానివద్భావం. రెండవ సర్వర్ మొదటిదాని చిరునామాను, హక్కులను, పెండింగు పనులను పొందడం ఇటువంటిదే. కానీ ఆదేశం నేటి తెలుగులో 'ఉత్తర్వు' కనుక, కంప్యూటరు పాఠాల్లో 'కమాండ్'కు అదే వాడుతున్నాము కనుక, పారిభాషిక పదంగా అది గందరగోళానికి దారితీస్తుంది. కార్యాలయాల్లో అధికారి సెలవులో ఉన్నప్పుడు మరొకరు 'బాధ్యతలు స్వీకరిస్తారు'. 'బాధ్యతల స్వీకారం' అందరికీ తెలిసిన మాట. ఎవరి నుండి, ఎవరికి అనే ప్రశ్న అందులోనే ఉంది. మిగిలిన వాటిలో రిలయబిలిటీకి విశ్వసనీయత, అవైలబిలిటీకి లభ్యత, సర్వీసబిలిటీకి మరమ్మతు సౌలభ్యం సరిపోతాయి. సర్వర్, డిస్కు, బోర్డు, ప్రాసెసర్ వంటి వస్తువుల పేర్లను మార్చనవసరం లేదు. హద్దులు గీయవలసినది భావాల మధ్యనే.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. లోప సహన పరిభాష 'ఎర్రర్' అనే ఒక్క మాటతో మొదలై, టెలిఫోన్, అంతరిక్ష రంగాల మరమ్మతు అవసరాల వల్ల విస్తరించి, 1985–1992 మధ్య మూడంచెల విభజనగా స్థిరపడింది.

2. వాణిజ్య సంస్థల పదాలు వాటి నిర్మాణ సిద్ధాంతాలను ప్రతిబింబిస్తాయి. టాండెం పదాలు బాధ్యతను అప్పగించడాన్ని, స్ట్రాటస్ పదాలు సహగమనాన్ని సూచిస్తాయి.

3. 1985 నాటి గ్రే నివేదిక తరువాత ఆగిపోవడానికి గల కారణాల అన్వేషణలో నిర్వహణకూ, మనుషుల నిర్ణయాలకూ ప్రముఖ స్థానం లభించింది. 2021 నాటి సెబీ నియమంలో 'డిజాస్టర్' అనే పదాన్ని ప్రకటించడమే గడువుతో కూడిన విధి అయింది.

4. తెలుగులో లోపం, దోషం, వైఫల్యం అనే పదాలు ఇతర రంగాల్లో ఇప్పటికే ఈ భేదాన్ని పాటిస్తున్నాయి. పాఠ్యగ్రంథాలలో, పారిభాషిక కోశాలలో, ప్రభుత్వ ప్రకటనలలో ఈ నియతిని అనుసరించవచ్చు.

వేలిముద్ర పడక రేషన్ అందని వ్యక్తికి 'సాంకేతిక లోపం' అనే సమాధానం వస్తే, అడగడానికి ఇంకేమీ మిగలదు. 'సేవా వైఫల్యం' అని రాయవలసి వస్తే ఆ వైఫల్యానికి దారితీసిన లోపమేది, దాన్ని సహించే ఏర్పాటు ఏది, ఆ ఏర్పాటు ఎందుకు పనిచేయలేదు అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పవలసి ఉంటుంది. పరిభాషలోని ఈ మూడు పదాలను వేరుగా ఉంచవలసిన అవసరం అందులోనే ఉంది.